మందుల కంపెనీ క్యాలెండర్ మీద అస్థిపంజరం ఎందుకు?

మీ ప్రశ్న సారాంశం ఇది. అమెరికాలో వైద్యులుగా ఉన్న మీ అన్నగారి క్లినిక్‌లో మీరొక పాత పటం చూశారు. అందులో కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకున్న అస్థిపంజరం ఉంది. కింద 1900 సంవత్సరపు రెండు నెలల తేదీలు, ‘ఆంటీకామ్నియా’ అనే మందు పేరు ఉన్నాయి. మందు అమ్ముకునేవాళ్ళు చావును గుర్తుచేసే బొమ్మ ఎందుకు వేయించారు, అది మందుల ప్రమాదం గురించి చేసిన హెచ్చరికా, ఆ పటం అసలుదేనా అని మీరు అడిగారు. నేను చాలాకాలం వైద్య కళాశాలలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, బోధించాను. పాత వైద్య ప్రకటనల కాగితాలను సేకరించడం, వాటిని పరిశీలించి చెప్పడం ఇప్పటికీ నాకు ఇష్టమైన పని. అందువల్ల కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. అది హెచ్చరిక కాదు, అచ్చమైన వ్యాపార ప్రకటన. అయితే ఆ ప్రకటనను రోగులకు చూపించాలని ఎవరూ అనుకోలేదు. అది వైద్యుల బల్ల మీదికీ, మందుల దుకాణదారుల గోడ మీదికీ వెళ్ళడానికి తయారైంది. ఈ ఒక్క విషయం తెలిస్తే మీ మిగతా సందేహాలు చాలావరకు తీరిపోతాయి. అస్థిపంజరాన్ని చూసి మామూలు మనిషి జడుసుకుంటాడు గాని, శరీరనిర్మాణశాస్త్రం చదివిన వైద్యుడికి అది విద్యార్థి దశ నుంచీ పరిచయమున్న వస్తువు. ఆ పరిచయాన్ని ఆసరా చేసుకుని, ‘మీరూ మేమూ ఒకే గూటివాళ్ళం’ అని వైద్యుడికి చెప్పడమే కంపెనీ ఉద్దేశం.

ఇక ఆ కంపెనీ సంగతి. ఆంటీకామ్నియా కెమికల్ కంపెనీ అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరంలో 1890 ప్రాంతంలో మొదలైంది. తలనొప్పికీ, ఒళ్ళునొప్పులకూ, జ్వరానికీ వాడే ఐదు గ్రెయిన్ల మాత్ర, అంటే నేటి లెక్కలో దాదాపు 325 మిల్లీగ్రాముల మాత్ర, వారి ప్రధాన సరుకు. దాని మీద ‘ఏ.కె.’ అనే రెండక్షరాల ముద్ర ఉండేది. దానికే కోడీన్ కలిపి ఒక రకం, క్వినైన్ కలిపి ఇంకొక రకం, తర్వాతి కాలంలో హెరాయిన్ కలిపి మరొక రకం అమ్మారు. 1897 నుంచి 1901 వరకు ఐదేళ్ళపాటు ఈ కంపెనీ అస్థిపంజరాల బొమ్మలతో క్యాలెండర్లు అచ్చువేయించి వైద్యులకు పంపింది. ఒక్కో పుటలో రెండు నెలలు, ఏడాదికి ఆరు బొమ్మలు, మొత్తం ముప్ఫై బొమ్మలు. మీరు చూసిన పటంలో రెండే నెలలు ఉండడానికి కారణం ఇదే. అది క్యాలెండర్‌లోంచి వేరు చేసిన ఒక పుట, లేదా అలాంటి పుటకు నకలు.

ఆ బొమ్మలు గీసినవారు లూయిస్ క్రూసియస్. ఆయన 1862లో పుట్టి 1898లో, నలభై ఏళ్ళైనా నిండకుండానే, కన్నుమూశారు. ఆయన మొదట మందుల తయారీ చదివి, ఆ తర్వాత వైద్యుడైన మనిషి. మందుల దుకాణంలో పనిచేసే రోజుల్లోనే సరదాగా అస్థిపంజరాల బొమ్మలు గీసి దుకాణం అద్దాలలో వేలాడదీసేవారు. 1893లో హాస్యపు రాతలను, బొమ్మలను కలిపి ఒక పుస్తకంగా కూడా వెలువరించారు. క్యాలెండర్లకు నాలుగేళ్ళ ముందు మాట ఇది. కాబట్టి కంపెనీ పురమాయిస్తే పుట్టిన ఆలోచన కాదు ఇది. ఒక వైద్యుడు తన తోటివాళ్ళను నవ్వించడానికి అలవాటుగా గీస్తున్న బొమ్మలను కంపెనీ తన ప్రచారానికి వాడుకుంది. ఆయన మరణించిన తర్వాత కూడా మూడేళ్ళ క్యాలెండర్లు ఆయన బొమ్మలతోనే వచ్చాయి. ‘ఆ మందు మనుషులను చంపుతోందని చిత్రకారుడు రహస్యంగా హెచ్చరించాడు’ అనే కథ అంతర్జాలంలో తిరుగుతూ ఉంటుంది. వినడానికి బాగుంటుంది గాని, పై సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథ నిలబడదు.

మన కళ్ళు ఈ బొమ్మను హెచ్చరికగా ఎందుకు చదువుతాయో కూడా చెప్పాలి. మనకు పుర్రె బొమ్మ కనిపించేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ‘అపాయం’ అని రాసిన రేకు మీద, లేదంటే పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బా మీద. మన దేశపు పురుగుమందుల నిబంధనల ప్రకారం అత్యంత విషపూరితమైన వాటి డబ్బా మీద పుర్రె, రెండు ఎముకల గుర్తు, విషం అనే మాట ఎర్రని రంగులో ఉండాలి. అలాంటి గుర్తుల మధ్య పెరిగిన మనకు పుర్రె అంటే ‘ముట్టుకోవద్దు’ అనే అర్థమే తోస్తుంది. మందుసీసాల మీద విషం గుర్తుగా పుర్రెను వేసే ఆచారం ఆ కాలపు అమెరికాలోనూ ఉంది. అయినా క్రూసియస్ బొమ్మల్లో ఉన్నది ఆ పుర్రె కాదు.

ఈ తేడాను బొమ్మల మీదే చూపిస్తాను. ఐరోపాలో అస్థిపంజరాన్ని మృత్యువుగా చిత్రించే సంప్రదాయం చాలా పాతది. పారిస్‌లోని ఒక శ్మశానవాటిక గోడ మీద 1424-25లో మృత్యునృత్యాన్ని చిత్రించారు. రాజు, మతాచార్యుడు, రైతు, పసిబిడ్డ అనే తేడా లేకుండా ఒక్కొక్కరినీ ఒక్కో అస్థిపంజరం చెయ్యిపట్టుకుని తీసుకుపోతుంది. హాన్స్ హోల్బైన్ గీసిన చెక్క అచ్చుల బొమ్మలు 1538లో లియాన్ నగరంలో పుస్తకంగా వచ్చాయి. వాటిలో వైద్యుడి బొమ్మ ఒకటుంది. వైద్యుడు తన గదిలో కూర్చుని ఉంటాడు; మృత్యువు ఒక ముసలి రోగిని వెంటబెట్టుకుని వచ్చి, అతని మూత్రం పట్టిన సీసాను వైద్యుడి చేతికి అందిస్తుంది. మూత్రం రంగు చూసి రోగం చెప్పడం అప్పటి వైద్యుల పద్ధతి. ‘ఇతన్ని బతికించగలవా, అసలు నిన్ను నువ్వు బతికించుకోగలవా’ అని మృత్యువు అడుగుతున్నట్టు ఉంటుంది ఆ బొమ్మ. అలాంటి బొమ్మల్లో రెండు పాత్రలుంటాయి: బతికున్న మనిషి ఒకడు, అతని కోసం వచ్చిన మృత్యువు ఒకటి.

క్రూసియస్ బొమ్మల్లో ఆ రెండోవాడు లేడు. అస్థిపంజరం ఎవరినీ తీసుకుపోవడానికి రాలేదు. బొమ్మలో ఉన్న మనిషే అస్థిపంజరం. బట్టలు వేసుకుని, తన పని తాను చేసుకుంటూ, తన హోదా తాను చాటుకుంటూ ఉంటాడు. చర్మమూ కండరమూ మాత్రం లేవు. పెదవులు లేని దవడ ఎప్పుడూ నవ్వుతున్నట్టే కనిపిస్తుంది గనుక, టోపీ వాలిన తీరులోనూ మెడ వంచిన తీరులోనూ మనిషి స్వభావమంతా పలికించాలి. అది తేలికైన పని కాదు. ఎముకల పొందిక బాగా తెలిసినవాడికి తప్ప ఆ వంపులు కుదరవు. ఆండ్రియాస్ వెసాలియస్ 1543లో ప్రచురించిన శరీరనిర్మాణ గ్రంథంలో ఒక అస్థిపంజరం సమాధికి ఆనుకుని, చేతి కింద ఒక పుర్రెను పెట్టుకుని ఆలోచనలో మునిగి ఉంటుంది. నా అభిప్రాయంలో క్రూసియస్ బొమ్మలకు దగ్గరి చుట్టం అదే గాని, శ్మశానపు గోడ మీది మృత్యునృత్యం కాదు. వెసాలియస్ బొమ్మ వైద్యుడు వైద్యుడి కోసం వేయించినది, ఇదీ అంతే.

ఆ రోజుల్లోనే మెక్సికోలో హోసే గ్వాదలూపే పొసాదా కూడా ముస్తాబైన అస్థిపంజరాలను గీశారు. పూలటోపీ పెట్టుకున్న ఆయన ‘కాత్రీనా’ నేటికీ ప్రసిద్ధం. పైకి ఒకేలా ఉన్నా, పొసాదా బొమ్మలు చవక కాగితాల మీద అచ్చై వీధిలో అమ్ముడుపోయినవి. సామాన్యుడు ధనికుడిని చూసి నవ్వుకోవడానికి గీసినవి. క్రూసియస్ బొమ్మలు ఒక వృత్తివారి గదుల్లోకి ఉచితంగా వెళ్ళినవి. ఒకటి చూసి ఇంకొకటి గీశారని చెప్పడం మాత్రం తొందరపాటు.

‘మందుల ప్రకటన అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషిని చూపించాలి కదా’ అన్న మీ ప్రశ్న సరైనదే. నేరుగా ప్రజలకు అమ్మిన మందుల విషయంలో సరిగ్గా అలాగే జరిగింది. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో తయారైన హుడ్స్ సార్సపరిల్లా క్యాలెండర్ల మీద బూరెబుగ్గల పిల్లల ముఖాలు ఉంటాయి. మార్ఫిన్ కలిసిన మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్ కాగితాల మీద తల్లీబిడ్డలు ఉంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నుంచి 1885లో వచ్చిన కొకైన్ పంటినొప్పి చుక్కల ప్రకటనలో ఇంటి ముందు ఇద్దరు పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. ఈ కాగితాలనూ ఆంటీకామ్నియా పుటలనూ ఒకే బల్ల మీద పరిచి చూడండి. తల్లులకు అమ్మేటప్పుడు పిల్లలు, వైద్యులకు అమ్మేటప్పుడు ఎముకలు. బొమ్మను నిర్ణయించింది మందు కాదు, కొనేవాడు. వైద్యుడి విషయంలో ‘కొనేవాడు’ అనడం కూడా సరికాదు; అతను రాసిస్తాడు, డబ్బు పెట్టి కొని మింగేది వేరొకరు.

ఆంటీకామ్నియా కంపెనీ తమది వీధుల్లో అమ్మే నాటుమందు కాదనీ, వైద్యుల చేతిమీదుగా మాత్రమే వెళ్ళే గౌరవప్రదమైన ఔషధమనీ చెప్పుకునేది. వైద్య పత్రికల్లో ప్రకటనలిచ్చేది, వైద్యులకు నమూనాలు పంపేది. ఆ గౌరవం నిలబడాలంటే ప్రజలకు చూపే ముద్దులొలికే బొమ్మలు పనికిరావు. ‘ఇది మనవాళ్ళకే అర్థమయ్యే హాస్యం’ అనిపించే బొమ్మ కావాలి. పైగా క్యాలెండర్ బల్ల మీద ఉంటుంది. తేదీ చూసుకున్నప్పుడల్లా, మందుచీటీ రాసినప్పుడల్లా కంపెనీ పేరు కంటబడుతుంది. రోగి వంక చూసే చూపుకూ, మందు పేరు రాసే కలానికీ మధ్య ఆ పుట ఉంటుంది. ప్రచారం చేసేవాడికి అంతకంటే మంచి చోటు దొరకదు.

నేను రెండో సంవత్సరం విద్యార్థులకు ప్రకటనల గురించి చెప్పేటప్పుడు ఈ బొమ్మల్లో ఒకటి పేరు కనిపించకుండా చూపించేవాడిని. అప్పటికే సీనియర్ల దగ్గర బోన్ సెట్, అంటే చదువుకు వాడే ఎముకల పెట్టె, కొనుక్కుని, ఏడాదిపాటు మంచం కింద పెట్టుకుని చదివినవాళ్ళు గనుక వెంటనే నవ్వేవారు. కొందరైతే పక్కటెముకలు సరిగ్గా గీశాడా లేదా అని లెక్కపెట్టేవారు. అదే బొమ్మను మా ఇంటికి వచ్చిన బంధువులకు చూపిస్తే, గోడకు మాత్రం పెట్టకండి అన్నారు. నూరేళ్ళు దాటినా ఆ బొమ్మ తన పాఠకుణ్ణి సరిగ్గా పోల్చుకుంటోంది. నవ్విన విద్యార్థులకు ఆ తర్వాత మందులో ఏముందో చెప్పేవాడిని.

ఆ మందులోని ముఖ్యపదార్థం అసిటనిలైడ్. బొగ్గుతారు నుంచి వచ్చే అనిలీన్‌తో తయారయ్యే రసాయనం అది. 1886లో, అప్పట్లో జర్మనీలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో, ఆర్నాల్డ్ కాన్, పాల్ హెప్ అనే ఇద్దరు వైద్యులు పేగుల్లో పురుగులున్న రోగికి నాఫ్తలీన్ ఇస్తున్నామనుకుని, మందుల దుకాణం వారి పొరపాటు వల్ల దీనిని ఇచ్చారు. పురుగుల మాట ఎలా ఉన్నా, రోగి జ్వరం తగ్గింది. జ్వరాన్ని తగ్గించే గుణం అలా బయటపడింది. మందు చవక, నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. చిక్కల్లా శరీరంలో దాని నుంచి పుట్టే అనిలీన్‌తో వచ్చింది. ఆ అనిలీన్ నుంచి తయారయ్యే పదార్థాలు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మారుస్తాయి. మారిన ఆ భాగం ప్రాణవాయువును మోయలేదు. మోతాదు ఎక్కువైతే, లేదా రోజుల తరబడి వాడితే, ముందు పెదవులు, గోళ్ళు నీలిబారుతాయి. ఆ తర్వాత ఆయాసం, గుండె నీరసం. మరణాలూ సంభవించాయి. అసిటనిలైడ్‌లో మేలు చేసే భాగమేదో, కీడు చేసే భాగమేదో 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు విడదీసి చూపించారు. నొప్పిని తగ్గించేది శరీరంలో దాని నుంచి తయారయ్యే పారాసెటమాల్ అని వారు తేల్చారు. ఈనాడు మన ఇళ్ళలో జ్వరం రాగానే వెతుక్కునే మాత్ర అదే.

అందువల్ల ఆ బొమ్మలో నిజంగా కలవరపెట్టేది అస్థిపంజరం కాదు, అందులో ఎక్కడా లేని రోగి. నా మనసులో ఉన్నది దాచకుండా రాస్తున్నాను. ఒక వృత్తివారు తమలో తాము నవ్వుకోవడం తప్పు కాదు. శవాల గదిలో చదువుకున్నవాళ్ళకు ఆ నవ్వు అవసరం కూడా. అయితే ఈ నవ్వును ఒక కంపెనీ కొనుక్కుని, తన మాత్రలో ఏముందో పూర్తిగా చెప్పకుండా వైద్యుడి నమ్మకాన్ని సంపాదించడానికి వాడుకుంది. ఏమి కలిపారో తెలియని మాత్రను వైద్యుడు స్నేహం కొద్దీ రాసిస్తుంటే, పెదవులు నీలిబారినది ఆ క్యాలెండర్‌ను ఎన్నడూ చూడని మనిషికి. ఈ తప్పును క్రూసియస్ నెత్తిన వేయడం అన్యాయమని నా అభిప్రాయం. బొమ్మలు ఆయనవి, వ్యాపారం వేరొకరిది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1905లో అమెరికన్ వైద్య సంఘం వారు ఇటువంటి తలనొప్పి మందులను పరీక్షించి, వాటిలో అసిటనిలైడ్ ఎంతుందో ప్రచురించారు. అదే సంవత్సరం జూన్‌లో కోలియర్స్ వారపత్రిక ముఖచిత్రంగా ఇ.డబ్ల్యూ. కెంబుల్ గీసిన పుర్రె బొమ్మ వచ్చింది. మందుసీసాలతో కూడిన ఆ పుర్రె బొమ్మ పేరు ‘మృత్యువు ప్రయోగశాల’. అక్టోబరు నుంచి అదే పత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ నేరుగా ప్రజలకు అమ్మే మోసపు మందుల మీద వరుసగా వ్యాసాలు రాశారు. అసిటనిలైడ్ కలిసిన తలనొప్పి పొడుల వల్ల జరిగిన మరణాలను అందులో బయటపెట్టారు. మీరు హెచ్చరిక అనుకున్న పుర్రె నిజానికి ఇక్కడ ఉంది. నాలుగైదేళ్ళ తేడాతో ఒకే దేశంలో ఒకే జాతి మందుల గురించి ఒక ఎముకల బొమ్మ అమ్మకానికి, ఇంకొకటి ఆరోపణకు పనిచేశాయి. ఒకటి వైద్యుల గదిలో, ఇంకొకటి ప్రజల చేతిలో.

1906లో వచ్చిన ఆహార ఔషధ చట్టం ఆల్కహాలు, మార్ఫిన్, నల్లమందు, కొకైన్, హెరాయిన్ వంటి వాటితో పాటు అసిటనిలైడ్ పేరును కూడా మందు డబ్బా మీది చీటీ (లేబుల్) మీద రాసి తీరాలని ఆదేశించింది. కంపెనీ అమెరికాలో అమ్మే మాత్రల్లో అసిటనిలైడ్‌ను తీసివేసి, దాని నుంచే వచ్చే ఫెనాసిటిన్‌ను కలిపి, అసిటనిలైడ్ లేదని చీటీ మీద వేసింది. మాట నిజమే గాని, కొనేవాడిని తప్పుదారి పట్టించే నిజం. ప్రభుత్వం సరుకును స్వాధీనం చేసుకుంది; వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1914 జనవరిలో కోర్టు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది: అసిటనిలైడ్‌కు బదులు దాని నుంచి తయారైన పదార్థాన్ని వాడినా, అది అసిటనిలైడ్ నుంచి వచ్చినదని రాయాల్సిందే. ఆ ఫెనాసిటిన్ కూడా మూత్రపిండాలను పాడుచేస్తుందని తేలి, 1983లో అమెరికా మార్కెట్ నుంచి తొలగిపోయింది.

చివరగా, మీ అన్నగారి పటం అసలుదేనా అన్న విషయం. ఈ బొమ్మలకు నకళ్ళు విరివిగా అమ్ముడవుతున్నాయి. కనుక చట్రం తీయకుండా ఏ మాటా చెప్పలేము. పది రెట్లు పెంచి చూపే భూతద్దం తీసుకుని, లేత రంగున్న చోట, ఉదాహరణకు కోటు మీద నీడ పడిన భాగంలో చూడండి. ఆ కాలపు రంగుల అచ్చు రాతి మీద చేసేవారు, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అందుకని చుక్కలు చేత్తో పెట్టినట్టు చిన్నా పెద్దా కలిసి, క్రమం లేకుండా ఉంటాయి. నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుండ్రంగా, ఒకే క్రమంలో కనిపిస్తే అది ఆధునిక ఆఫ్‌సెట్ అచ్చు. రంగును సన్నగా చల్లినట్టుంటే కంప్యూటర్ ప్రింటర్ పని. పరిచయస్తులొకరు ఎంతో మోజుపడి కొన్న పుటను నేను ఇలాగే పరిశీలించాను. కాగితం గోధుమరంగుకు తిరిగి, అంచులు చిరిగి, చూడగానే పాతదనిపించింది. భూతద్దం కింద మాత్రం చక్కటి పువ్వుల వరుసలు కనిపించాయి. కాగితానికి పాతరంగు పట్టించడం ఎవరికైనా చేతనైన పని. చుక్కలను దాచడం కుదరదు.

పుట వెనకవైపు తప్పకుండా చూడండి. అసలు పుటల వెనక మందుల గురించి ప్రచారపు రాతలు ఉంటాయి; నకళ్ళకు వెనకవైపు సాధారణంగా ఖాళీగా ఉంటుంది. అసలుదే అని తేలితే అంచులు కత్తిరించవద్దు, జిగురు పూయవద్దు, అట్టకు అంటించవద్దు. ఆమ్లం లేని అట్టల మధ్య, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వెనక, ఎండ నేరుగా పడని గోడకు పెట్టండి. ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు ఒకటి, భూతద్దం మీదుగా కోటు భాగం ఒకటి తీసి ఇక్కడ పెట్టగలిగితే, ఏ పద్ధతిలో అచ్చైందో నేను చూసి చెబుతాను.